సుప్రీంకోర్టు చెప్పిన కౌన్సెలర్ మీ పిల్లల కాలేజీలో ఉన్నారా?

ప్రశ్న: మా వాడు ఇంటర్, హాస్టల్. విశాఖలో నీట్ కోచింగ్‌లో ఉన్న అమ్మాయి మృతి కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు 15 మార్గదర్శకాలు ఇచ్చింది కదా, 100 మంది, ఆపైన విద్యార్థులుంటే కౌన్సెలర్ ఉండాలని. కాలేజీలో అడిగితే "వార్డెన్ గారు చూసుకుంటారండి" అన్నారు! ఎవరికి చెప్పాలి?

జవాబు: కలెక్టర్ కింద జిల్లా కమిటీ ఉండాలనీ అందులోనే ఉంది. సోమవారం గ్రీవెన్స్‌లో రాసిచ్చి రసీదు తీసుకోండి.

జవాబు: ఉమ్మడి రాష్ట్రంలోనే విద్యార్థుల ఆత్మహత్యలపై నీరదారెడ్డి కమిటీ వేశారు, ఏం మారింది? మార్కులను బట్టి సెక్షన్లు విడదీయొద్దని కోర్టు చెప్పింది, ముందు అదడగండి. మా పాపకి అసలు టెన్షన్ అదే.

జవాబు: ఫిర్యాదు సరే, బాబుతో మాట్లాడారా? మానసిక సాయం ఇచ్చే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబరు 14416 ఇవ్వండి. ఉచితం, 24 గంటలూ, తెలుగులోనే మాట్లాడొచ్చు.

ప్రశ్న వేసినవారు: ఆదివారం వెళ్తున్నానండి, మార్కుల ఊసెత్తను.