ధవళేశ్వరంలో పులసకు మెట్లు కట్టాలా, గేట్లు తెరవాలా?

గోదావరి అల్లుడు, మారతహళ్లి:
ముందే ఒక మనవి. పుస్తెలమ్మే సామెతను ఇక్కడ ఎవరూ ఎత్తవద్దు. పెళ్లయిన నాటి నుంచి వింటూనే ఉన్నాను.

ఈ మధ్య ఒక ఆదివారం ఇక్కడ బెంగళూరులో ఒక చేపల దుకాణం ముందు 'గోదావరి పులస' అన్న బోర్డు చూసి ఆగాను. ఎంతకు కొన్నానో రాయను, మా ఇంట్లో వాళ్లు కూడా ఈ చర్చలు చదువుతారు. ముక్క నోట్లో పెట్టుకోగానే మా అత్తగారు తేల్చేశారు: "ఇది ఏటి నీళ్లు ఎరిగిన చేప కాదు నాయనా. సముద్రంలో పట్టిన ఇలస. ఏటికి ఎక్కితేనే అది పులస." దుకాణం వాడిని తిట్టుకుంటూ కూర్చున్నాక అసలు ప్రశ్న తట్టింది. ఏటిలో పులస ఇంత కరువెందుకైంది? గుడ్లు పెట్టడానికి వరదకు ఎదురీదుతూ సముద్రం నుంచి వచ్చే చేపకు ధవళేశ్వరం బ్యారేజీ అడ్డం. అక్కడికి 42 కిలోమీటర్ల ఎగువన పోలవరంలో వరద నీరు వదిలే స్పిల్‌వేలో మాత్రం చేపల కోసం మెట్లదారి పెట్టారు. వీధి గుమ్మం మూసేసి మేడ మెట్లు కట్టినట్టు లేదా? ధవళేశ్వరంలోనూ మెట్లు కట్టమని మనందరం అడగాలి. కాదనేవారు ఎందుకు కాదో చెప్పండి.

విశ్రాంత ఇంజనీరు, వైట్‌ఫీల్డ్:
కాదనేవారిలో నేనొకడిని. ఉద్యోగమంతా కాలువల మీదే గడిచింది, ఇప్పుడు అమ్మాయి దగ్గర ఉంటున్నాను.

కాటన్ దొర 1852 నాటికి పూర్తిచేసింది ఆనకట్ట. నిండితే నీరు దాని మీదుగా పొర్లేది. ఇప్పుడున్నది గేట్ల బ్యారేజీ. నాలుగు భాగాలూ కలిపి మూడున్నర కిలోమీటర్లకు పైగా పొడవు, 175 గేట్లు. పెద్ద వరదలో, అంటే 10 లక్షల క్యూసెక్కులకు చేరి మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చే రోజుల్లో, గేట్లను బాగా పైకి ఎత్తేస్తారు. ఎగువ, దిగువ నీటిమట్టాల తేడా తగ్గిపోతుంది. చిక్కంతా మధ్యరకం ప్రవాహంలో ఉంది. గేటును అడుగో రెండడుగులో ఎత్తినప్పుడు కింది సందులోంచి నీరు చిమ్ముకొస్తుంది. మట్టాల తేడా 4 మీటర్లుంటే ఆ నీటి వేగం సెకనుకు దాదాపు 9 మీటర్లు. ఎంత బలమైన పులసైనా దానికి ఎదురీదలేదు.

ఇక మెట్ల సంగతి. దారి ఇటు ఉందని చేపకు చెప్పేది ప్రవాహమే. లక్షల క్యూసెక్కులు హోరెత్తే చోట ఒక మూల మెట్ల మీదుగా జారే నీరు తిరునాళ్లలో ఊదిన పిల్లనగ్రోవి లాంటిది. అది చేప చెవిన పడదు. థాయ్‌లాండ్‌లో మెకాంగ్ ఉపనది మీద 1994లో పాక్ మూన్ ఆనకట్ట పూర్తయింది. సాల్మన్ చేపల కోసం పుట్టిన పద్ధతిలో అక్కడ మెట్లు కట్టారు. అక్కడి చేపలు వాటిని పెద్దగా ఎక్కలేదు. జాలర్లు ఏళ్ల తరబడి పోరాడితే 2001లో గేట్లు తెరిచారు, ఆ తర్వాత ఏటా కొన్ని నెలలు తెరిచి ఉంచడం మొదలైంది. కాబట్టి అడిగేదేదో గేట్ల గురించి అడగండి. కాంట్రాక్టర్లకు మెట్లంటే ఎందుకు ఇష్టమో నేను చెప్పనక్కరలేదు.

కోరమంగళ లెక్కలు:
ఇద్దరూ అసలు ప్రశ్నను పక్కన పెట్టారు. ఇదంతా ఎవరికోసం? ఆ బ్యారేజీ కింద దాదాపు 10 లక్షల ఎకరాలు పండుతున్నాయి. మనం ఇక్కడ తినే బొచ్చె, శీలావతి కొల్లేరు చుట్టుపక్కల చెరువుల్లో పెరిగి ఐసు పెట్టెల్లో వస్తున్నవే. 1957లో హీరాలాల్ చౌధురి చేప మెదడు కింది పిట్యూటరీ గ్రంథి రసం ఎక్కించి ఈ జాతి చేపలతో గుడ్లు పెట్టించే పద్ధతి సాధించాక వాటికి నదితో పని తీరిపోయింది. పులసకు కూడా రేపోమాపో అదే జరుగుతుంది. నాలుగు డబ్బున్న ఇళ్ల నాలుక కోసం నది నిర్వహణను మార్చమంటారా? హేచరీ పెట్టించి పిల్లలను నదిలో వదిలితే సరి.

యానాం ఆడపడుచు:
నాలుక మాట మీరు తేలిగ్గా అనేశారు. మా అమ్మ ముప్పై ఏళ్లు యానాం మార్కెట్టులో చేపలమ్మి నన్ను చదివించింది. వరదల నాలుగు నెలల్లో వచ్చే ఆ చేపే మా ఇంటికి ఏడాది అప్పు తీర్చేది. తినేది ధనవంతులైతే కావచ్చు, పట్టేది కాదు.

బాబాయి గారూ, గేట్ల గురించి మీరు చెప్పింది బాగుంది గానీ వలల మాట మరిచారు. దారి దొరకని చేప గోడ కింద తచ్చాడుతుంది, అక్కడే వలలు పడతాయి. రేపు మెట్లు కట్టినా వాటి వాకిట్లోనే వేస్తారు. తూర్పు తీరంలో సముద్ర వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు. పులస ఏటిలోకి వచ్చేది దాని తర్వాత. అంటే నిషేధం ఎత్తేశాక కడుపుతో ఉన్న చేప బయల్దేరుతుంది. బంగ్లాదేశ్‌లో అక్టోబరు ప్రాంతంలో గుడ్లు పెట్టే 22 రోజులు ఇలస వేట ఆపి, జాలరి కుటుంబాలకు బియ్యం ఇస్తారు. మమ్మల్నీ ఆపమనండి, ఆగుతాం. కానీ బియ్యం మాట ముందు తేలాలి.

ఇంకొకటి. మీరంతా ఎక్కే చేప గురించే మాట్లాడుతున్నారు. నీలకంఠ రొయ్య ప్రయాణం తిరగబడి ఉంటుంది. తల్లి గుడ్లు మోసుకుని ఉప్పు కలిసిన నీటికి దిగి వస్తుంది, పిల్లలు గట్లు పట్టుకుని పాకుతూ ఎగువకు పోతాయి. దానికి సామెత లేదు కనుక దాని మీద చర్చలూ లేవు.

కావేరి గాలం:
మాది కోలారు వైపు, ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం. గాలం పట్టుకుని కావేరి గట్టున సగం జీవితం గడిపాను. లెక్కల వారి హేచరీ ముచ్చటకు నా దగ్గర జవాబుంది. కావేరిలో నారింజ రెక్కల మూపురం మహసీర్ ఉండేది, 50 కిలోలు దాటే చేప. దాన్ని కాపాడతామని మహారాష్ట్రలోని ఒక హేచరీ నుంచి మహసీర్ పిల్లలను తెచ్చి దశాబ్దాల పాటు వదిలారు. అవి నీలిరెక్కల రకం, వేరే జాతి. అవి నిండిపోయాయి, అసలుది వెనక్కి తగ్గింది. తీవ్రంగా అంతరించే దశలో ఉందని 2018లో జాబితాకెక్కింది. పిల్లలను వదలడం సులువే, ఏ పిల్లలన్నదే ప్రశ్న.

గోడ ఒక్కటే ముద్దాయి అనుకోవడమూ పొరపాటే. కావేరి దిగువన ఒకప్పుడు ఇలస వేట బాగా సాగేది. 1934లో మెట్టూరు ఆనకట్ట వచ్చాక వరదలు తగ్గి ఆ వేట కుప్పకూలింది. మెట్టూరు ఎక్కడ, సముద్రం ఎక్కడ! వరద రాకపోతే చేప నది ముఖం చూడనే చూడదు.

ఇప్పుడు కావేరి మీదే మేకెదాటులో 67 టీఎంసీల జలాశయం కట్టాలంటున్నారు. అందులో 4.75 టీఎంసీలు బెంగళూరు తాగునీటికి, అంటే ఈ చర్చలో ఉన్న మనందరి కుళాయిలకు. మునిగేది ఆ మహసీర్ బతికిన చోటే. మేక దాటిందట కనుక ఆ పేరు వచ్చింది. చేప దాటాలంటే ఎవరిని అడగాలో కాస్త చెప్పండి. ధవళేశ్వరం వాళ్లకు నీతులు చెప్పే ముందు అది కూడా మాట్లాడుకుందాం.

గోదావరి అల్లుడు:
మేకెదాటుకు వేరే చర్చ పెట్టండి, మొదటి సంతకం నాదే. కానీ ఇంజనీరు గారికి ఒక ఎదురు ప్రశ్న. అమెరికాలో కొలంబియా నది మీద 1938 నాటి బోనెవిల్ ఆనకట్ట మెట్లను షాడ్ అనే చేప ఏటా లక్షల్లో ఎక్కుతోంది. అది మన ఇలసకు దగ్గరి చుట్టం. ఆస్ట్రేలియాలో ముర్రే నది మీద మొదట సాల్మన్ మెట్లు కట్టి దెబ్బతిన్నారు. తర్వాత నిలువు చీలికల దారులు కట్టి, సముద్రం నుంచి హ్యూమ్ ఆనకట్ట దాకా 2,000 కిలోమీటర్లకు పైగా దారి ఇచ్చారు. పాక్ మూన్ ఒక్కటే పాఠం ఎలా అవుతుంది?

విశ్రాంత ఇంజనీరు, వైట్‌ఫీల్డ్:
షాడ్ సంగతి నిజమే. పులస ఎక్కదని తేల్చి చెప్పడం నా తప్పు. ముర్రేలో వాలు బాగా తగ్గించారు, అడుగు నుంచి పై మట్టం దాకా చీలిక ఉంటుంది కనుక నీరు పెరిగినా తగ్గినా దారి పనిచేస్తుంది. అక్కడి చేపల ఈతను కొలిచి కట్టారు. మన దగ్గర ఆ కొలత ముందు జరగాలి, కట్టడం నక్షలు తర్వాత.

అయినా నా మాట నాదే. బెంగాల్‌లో గంగ మీది ఫరక్కా బ్యారేజీ చూడండి. 1975లో మొదలైంది, చేపలను ఎగువకు దాటించే లాకులు కూడా పెట్టారు. ఒకప్పుడు అలహాబాదు దాకా వెళ్లిన ఇలస అక్కడ దాదాపు లేకుండా పోయింది. చివరికి 2019లో పడవలను దాటించే కొత్త నౌకా లాకుతో పాటు ఇలస ఎక్కే కాలంలో రాత్రి 1 నుంచి 5 గంటల వరకు దాని గేటును ఎత్తి ఉంచే పథకం ప్రకటించారు. అది గేటు నడిపే వేళ గురించిన ఆలోచన, చేప కోసం వేరే కాంక్రీటు అక్కరలేదు. పోలవరం మెట్లు ఎక్కిందే అనుకుందాం. అవతల ఉండేది నిలిచిన నీరు. ప్రవాహం తెలియని చోట చేప ఎటు పోవాలి?

కోరమంగళ లెక్కలు:
గేట్లు తెరిస్తే వదిలే నీరు ఎంత, ఖరీఫ్ నాట్లకు తగ్గేది ఎంత? ఆ లెక్క ఎవరూ చెప్పలేదు.

విశ్రాంత ఇంజనీరు, వైట్‌ఫీల్డ్:
వరద రోజుల్లో ఎలాగూ సముద్రానికి పోయే నీరే బాబూ. ఎంత వదలాలన్నది కాదు నేను అడిగేది, ఏ గేట్లలోంచి, ఏ వేళ వదలాలన్నది. పది గేట్లు అడుగు చొప్పున ఎత్తే బదులు గట్టువైపు గేటొకటి నిండా ఎత్తి చూడవచ్చు. అడుగున అప్రాను, అంటే నేల కోసుకుపోకుండా గేట్ల దిగువన వేసిన గట్టి పరుపు, కొట్టుకుపోతుందేమోనన్న భయం ఉంది, దాన్ని ముందు నమూనా మీద పరీక్షించాలి. ఎండాకాలంలో అయితే మీ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు, కానీ అప్పుడు పులసా ఉండదు.

యానాం ఆడపడుచు:
వేళ మా వాళ్లను అడగండి. ఆషాఢంలో ఎర్రనీరు దిగిన తొలి రోజుల నుంచి లెక్క పెట్టుకోవాలి. అన్నట్టు అల్లుడు గారూ, మీరు ఆ చేప కొన్నది ఏ నెలలో?

గోదావరి అల్లుడు:
మార్చిలో.