యుద్ధం, పిల్లలు: స్కూలు గోడ మీద బొమ్మకు సలహా కావాలి

నేను డ్రాయింగ్ టీచర్‌ని. యుద్ధం పిల్లల్ని ఏం చేస్తుందో చూపిస్తూ మా స్కూలు ప్రహరీ గోడ మీద బొమ్మ వేస్తామని ఎనిమిదో తరగతి వాళ్లే అడిగారు. తీరా స్కెచ్‌లు తెస్తే అన్నింట్లో బాంబులు, నెత్తురు. ఆ గోడ పక్కనుంచే ఒకటో తరగతి పిల్లలు కూడా వెళ్తారు మరి.

అందుకని వాళ్లకు, వీధి గోడల మీద బొమ్మలు వేసే బ్రిటన్ కళాకారుడు బ్యాంక్సీ బొమ్మలు చూపించాను. 2022లో ఉక్రెయిన్ రాజధాని కీవ్‌లో ఆయన వేసినదాంట్లో, ట్యాంకుల్ని ఆపడానికి పెట్టిన ఇనుప దూలాల అడ్డే ఇద్దరు పిల్లలకు సీ-సా అయిపోయింది. కీవ్ దగ్గరి బొరోద్యాంకా ఊళ్లో కూలిన ఇంటి గోడ మీద ఒక బుడ్డోడు జూడో డ్రెస్సులో పెద్దాయన్ని ఎత్తి పడేస్తుంటాడు. మరుసటి ఏడాది ఉక్రెయిన్ దాన్ని స్టాంపుగా కూడా వేసింది. 2015లో గాజాలో వేసినదైతే, కాపలా బురుజు చుట్టూ పిల్లలు రంగులరాట్నంలా ఊగుతుంటారు. ఒక్క చుక్క రక్తం లేదు, అయినా గుండె పిండేస్తుంది.

చూశాక మా వాళ్లు సీ-సానే కాపీ కొడతామంటున్నారు! అది నాకు ఇష్టం లేదు. సొంత ఆలోచన వైపు వాళ్లను ఎలా మళ్లించాలి? ఏ ప్రశ్నలు వేస్తే బాగుంటుంది? ఇంకొకటి, గరుకు సిమెంటు గోడ మీద స్టెన్సిల్ (ఆకారం కత్తిరించిన అట్ట) పెడితే అంచుల కిందికి రంగు పాకిపోతోంది. స్ప్రే వాడాలా, స్పాంజితో అద్దాలా? చేసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. వచ్చే నెల మొదట్లో పని మొదలుపెట్టాలి, టెన్షన్‌గా ఉంది.