పాత వించెస్టర్ రైఫిల్ బ్యారెల్‌ని .38-55 తూటా సైజుకి రీబోర్ (లోపలి రంధ్రం పెద్దది) చేయించిన వాళ్లు ఉన్నారా?

టెక్సాస్‌లో ఉంటున్నాను. నా దగ్గర వించెస్టర్ మోడల్ 1894 ఉంది, .30-30 తూటాది, ఎనిమిది పలకల బ్యారెల్. బయట చూస్తే ముచ్చటగా ఉంటుంది. బోర్ (బ్యారెల్ లోపలి రంధ్రం) మాత్రం ఘోరం. లైటు పెట్టి చూస్తే గుండుని తిప్పే మెలి గాడులు సగం దాకా తుప్పు తినేసి గుంటలు. యాభై గజాలకే గుండ్లు పళ్లెమంత వెడల్పున చెదిరిపోతున్నాయి.

కొత్త బ్యారెల్ వేయడం నాకిష్టం లేదు, దాని మీదున్న పాత అచ్చులు పోతాయి. .30-30 పుట్టిందే .38-55 తూటా గొట్టం నుంచి కాబట్టి బోల్ట్, ఎక్స్‌ట్రాక్టర్ (ఖాళీ గొట్టాన్ని బయటికి లాగే కొక్కెం) మార్చక్కర్లేదని విన్నాను. మెలి గాడుల దగ్గర వ్యాసం 0.308 నుంచి దాదాపు 0.377 అంగుళాలకు పెరుగుతుంది. గుంటలన్నీ అందులో కొట్టుకుపోతాయని ఆశ.

నా టెన్షన్ ఒక్కటే: వెనక సైటు కోసం, మ్యాగజైన్ గొట్టం పట్టీ కోసం బ్యారెల్ బయటి వైపు కోసిన గాడుల దగ్గర లోహం మరీ పలచబడుతుందా? గన్‌స్మిత్‌కి పంపేముందు అక్కడ మందం ఎలా కొలవాలి? లేక లోపల లైనర్ (సన్నటి కొత్త గొట్టం) వేయించి .30-30గానే ఉంచుకోవడం మేలా? చేయించిన వాళ్లు ఖర్చెంతైందో, గురి ఎలా ఉందో కూడా చెప్పండి. ధర పడిపోతుందని మాత్రం చెప్పకండి, అమ్మే ఉద్దేశం లేదు.