చెరువు పక్షుల కోసం కెమెరా: కెనాన్ 1500డీ తీసుకోవాలా, నికాన్ పీ950 తీసుకోవాలా?

సింగనమల టీచర్ (అనంతపురం)

అందరికీ నమస్కారం. అనంతపురంలో ఉంటాను. సింగనమల వైపు ఒక ప్రభుత్వ హైస్కూల్లో బయాలజీ చెబుతాను. రోజూ స్కూటీ మీద వెళ్లొస్తాను, దారిలో చెరువు తగులుతుంది. వానలు బాగా పడి నీళ్లు చేరిన ఏడాది అక్కడ ఆగకుండా వెళ్లడం కష్టం. లకుముకి పిట్టలు, కొంగలు, నీటికాకులు, గట్టు మీద తుమ్మచెట్లకు గిజిగాడి గూళ్లు.

మా క్లాసు గోడకు ఒక పక్షుల చార్టు ఉంది. అందులో పెంగ్విన్ ఉంది, ఆస్ట్రిచ్ ఉంది. మా పిల్లలు బడికి వస్తూ రోజూ చూసే పిట్ట ఒక్కటీ లేదు. అందుకే మా చెరువు పక్షులనే ఫోటోలు తీసి, ఏ3 సైజులో ప్రింట్ వేయించి, కింద తెలుగు పేరు రాసి క్లాసులో పెట్టాలని నా ఆశ. ఫోన్‌తో చాలా ప్రయత్నించాను. జూమ్ చేస్తే రంగు మరక తప్ప ఏమీ రావడం లేదు.

చీటీ పాడిన డబ్బు అరవై వేలు ఉంది. షాపులో రెండు చూపించారు. ఒకటి కెనాన్ 1500డీ, 18-55, 55-250 లెన్సులు రెండూ కలిపి. రెండోది నికాన్ పీ950, లెన్స్ మార్చే పని లేదు, 83 రెట్ల జూమ్ అంటున్నారు. నాకు చెప్పిన ధరల్లో పెద్ద తేడా లేదు. మా తమ్ముడేమో "డీఎస్ఎల్ఆర్ అంటే డీఎస్ఎల్ఆరే అక్కా, రెండోది పెద్ద సైజు డిజిటల్ కెమెరా అంతే" అంటున్నాడు. షాపతను పీ950తో దూరంగా ఉన్న సెల్ టవర్ మీద నట్లు కూడా కనబడేలా చూపించాడు.

పక్షులు కాక ఇంకో రెండు పనులున్నాయి. పిల్లలను లేపాక్షి తీసుకెళ్తుంటాం, అక్కడ పైకప్పు చిత్రాలు తీయాలి. స్కూల్ వార్షికోత్సవం రాత్రి పూట జరుగుతుంది, స్టేజీ మీద పిల్లలను తీయాలి. మళ్లీ లెన్సులు కొనే స్తోమత ఇప్పట్లో లేదు. ఒకసారి కొన్నదే కొన్నట్టు. తెలిసినవాళ్లు చెప్పండి.

ఎర్రనేల (ధర్మవరం)

మేడమ్, నా మాట వినండి, 1500డీ తీసుకోండి. మీ తమ్ముడు చెప్పింది నిజం. దాని సెన్సార్ (వెలుతురును పట్టి ఫోటోగా మార్చే చిప్పు) 22.3 × 14.9 మిల్లీమీటర్లు. పీ950లో ఉన్నది 1/2.3 అంగుళాల సెన్సార్, అంటే సుమారు 6.2 × 4.6 మిల్లీమీటర్లు. విస్తీర్ణంలో పన్నెండు రెట్లు తేడా. రాత్రి స్టేజీ ఫోటోల్లో ఆ తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. బ్యాటరీ ఒక్క ఛార్జింగ్‌కు 500 ఫోటోలు వస్తుంది. రేపు ఎప్పుడైనా ఎక్కువ వెలుతురు తీసుకునే 50ఎంఎం ఎఫ్/1.8 లెన్స్ ఒకటి కొన్నారంటే పిల్లల ముఖాలు ఎంత బాగా వస్తాయో మీరే చూస్తారు. జూమ్ నంబరు చూసి కెమెరా కొనకండి.

కుందూ ఒడ్డు (నంద్యాల)

టీచరమ్మా, నా దగ్గర ఈ రెండు రకాలూ ఉన్నాయి. పెళ్లిళ్లకు డీఎస్ఎల్ఆర్ వాడతాను, సెలవు దొరికితే రోళ్లపాడు గడ్డి మైదానాలకు పీ950 పట్టుకుని పోతాను. ఎర్రనేల తమ్ముడు సెన్సార్ గురించి చెప్పింది తప్పు కాదు. కానీ మీ అసలు పని దూరంగా ఉన్న చిన్న పిట్టను క్లాసు గోడ మీదకు తేవడం. ఆ పనికి లెక్క వేరేగా వస్తుంది. కొంచెం ఓపికగా చదవండి.

తెల్లరొమ్ము లకుముకి పిట్టను తీసుకుందాం. ముక్కు నుంచి తోక దాకా 28 సెంటీమీటర్లు ఉంటుంది. గట్టు మీద మీరు, ముప్పై మీటర్ల దూరంలో కొమ్మ మీద అది. అంతకంటే దగ్గరికి పోతే ఎగిరిపోతుంది, మీకు తెలిసిందే. 1500డీకి 250 లెన్స్ పెట్టి చివరిదాకా జూమ్ చేస్తే ఆ దూరంలో ఫ్రేములో పట్టే వెడల్పు దాదాపు రెండు మీటర్ల డెబ్బై సెంటీమీటర్లు. అందులో పిట్ట పదో వంతు. ఫోటో వెడల్పు 6,000 పిక్సెళ్లు కాబట్టి పిట్టకు దక్కేది 620 దగ్గర. అదే పీ950లో పూర్తి జూమ్, అంటే 2000ఎంఎంకు (ఇది 35ఎంఎం ఫిల్మ్ కెమెరా కొలతలో చెప్పే అంకె, లెన్సు అసలు అంకె కాదు) పోతే ఫ్రేము వెడల్పు అర మీటరు పైచిలుకు. పిట్ట సగానికి పైగా నిండుతుంది. ఫోటో వెడల్పు 4,608 పిక్సెళ్లు, పిట్టకు 2,400 దాకా వస్తాయి. మీ ఏ3 కాగితం మీద ఆ పిట్ట పది అంగుళాల వెడల్పున ఉండాలనుకోండి. మొదటిదాంట్లో అంగుళానికి 62 పిక్సెళ్లు, రెండోదాంట్లో 240. రెండు అడుగుల దూరం నుంచి చూసే పిల్లలకు 240 చాలా బాగుంటుంది. 62 అయితే ఈకలు ఉండవు, రంగులే ఉంటాయి.

వెలుతురు సంగతి కూడా చెప్పాలి. దూరంగా ఉన్న పిట్ట నుంచి కెమెరాలోకి ఎంత వెలుతురు వస్తుందనేది లెన్సు లోపలి రంధ్రం ఎంత పెద్దదో దాన్ని బట్టి ఉంటుంది. ఫోకల్ లెంగ్త్‌ను (లెన్సు అసలు ఎంఎం అంకె) ఎఫ్ నంబరుతో భాగిస్తే ఆ రంధ్రం వ్యాసం వస్తుంది. 250ని 5.6తో భాగిస్తే 45 మిల్లీమీటర్లు. పూర్తి జూమ్‌లో పీ950 అసలు ఫోకల్ లెంగ్త్ 357ఎంఎం, ఎఫ్/6.5తో భాగిస్తే 55. అంటే ఆ పిట్ట వరకు చూస్తే చిన్న సెన్సార్ కెమెరాయే ఎక్కువ వెలుతురు పోగు చేస్తోంది. ఈ లెక్క చేసి చూసిన రోజు నుంచి సెన్సార్ ఒక్కదాన్ని బట్టి ఎవరికీ సలహా చెప్పడం మానేశాను. పీ950 పిక్సెల్ డీఎస్ఎల్ఆర్ పిక్సెలంత శుభ్రంగా ఉండదు, అది నిజమే. కానీ ఒకటికి నాలుగు పిక్సెళ్లు వస్తున్నప్పుడు గెలిచేది అదే.

అయితే మన ఎండల గురించి జాగ్రత్త. ఉదయం తొమ్మిది దాటాక, ముఖ్యంగా ఎండాకాలం, నేల నుంచి లేచే వేడికి గాలి అల్లాడుతుంది. 2000ఎంఎంలో అది ఇంకా పెద్దదై కనిపిస్తుంది. ఎంత ఖరీదైన కెమెరా అయినా అప్పుడు పిట్ట అంచులు వణికినట్టే వస్తాయి. కెమెరా పాడైందని భయపడకండి. బడికి పోయేటప్పుడు తీయండి, మధ్యాహ్నం వద్దు.

ఎగిరే పక్షులకు మాత్రం పీ950 పనికిరాదనే చెబుతాను. చలికాలంలో రోళ్లపాడు గడ్డి మీద తేలిపోయే హ్యారియర్ గద్దలను దాంతో పట్టాలంటే ప్రాణం పోతుంది. దాని వ్యూఫైండర్ లోపల ఉన్నది చిన్న తెర, బొమ్మ క్షణం ఆలస్యంగా వస్తుంది. సెకనుకు ఏడు ఫోటోలు తీస్తుంది కానీ పది తీశాక కార్డు మీద రాసుకునేదాకా మనం చేతులు కట్టుకుని నిలబడాలి. డీఎస్ఎల్ఆర్‌లో అద్దం గుండా నేరుగా చూస్తాం, ఆలస్యం లేదు. 1500డీ వేగం సెకనుకు మూడే అయినా పక్షి వెంట తిప్పడం సులభం.

సింగనమల టీచర్

సార్, ఇంత వివరంగా రాసినందుకు చాలా థాంక్స్. ఆ 62, 240 లెక్కతోనే నాకు సగం టెన్షన్ పోయింది, రేపు క్లాసులో పిల్లలతోనే ఆ లెక్క చేయిస్తాను. నాకు కావలసింది కొమ్మ మీద కూర్చున్న పిట్టే, ఎగిరేవి తర్వాత చూసుకోవచ్చు. మరి లేపాక్షి సంగతి ఏమిటి? పైకప్పు చిత్రాలు దీంతో అస్సలు రావా?

గండికోట దారి (కడప)

అక్కా, ఒక మాట. అన్ని పక్షులకూ 2000ఎంఎం అక్కర్లేదు. చిలమత్తూరు దగ్గర వీరాపురం వెళ్లారా? ఊరి మధ్యలో చింతచెట్ల మీద ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు కడతాయి. చాలామంది సైబీరియా కొంగలంటారు కానీ అవి మన దేశపు పక్షులే. ఊరివాళ్లు వాటిని ఆడపిల్లలు పుట్టింటికి వచ్చినట్టు చూసుకుంటారు. ఆ కొంగ దాదాపు మీటరు ఎత్తు ఉంటుంది. ముప్పై మీటర్ల నుంచి 250 లెన్సుతో తీసినా ఫ్రేము ఎత్తులో సగం దాటి నిండుతుంది. అలాంటి చోట 1500డీ ఫోటోయే బాగుంటుంది, రంగుల్లో లోతు ఉంటుంది. కాబట్టి మీ చెరువు దగ్గర ఎక్కువ ఉండేవి చిన్న పిట్టలా, కొంగలా అన్నది ఒకసారి చూసుకోండి.

లేపాక్షికి వస్తే, నాట్యమండపం పైకప్పు కింద వెలుతురు తక్కువ. చిత్రాలు విజయనగర కాలపువి, వాటి మీద ఫ్లాష్ కొట్టనే కూడదు. పురావస్తు శాఖ కట్టడం కాబట్టి ట్రైపాడ్ కావాలంటే అనుమతి అడగాలి. చేత్తో పట్టుకుని తీయాలంటే పెద్ద సెన్సారే సుఖం, 1500డీలో ఐఎస్ఓ (తక్కువ వెలుతురులో పెంచుకునే సెట్టింగ్, పెంచేకొద్దీ ఫోటోలో గరుకు పెరుగుతుంది) 3200 పెట్టినా వాడుకోవచ్చు. పీ950తో తీయలేమని కాదు. జూమ్ అస్సలు చేయకుండా 24ఎంఎం దగ్గరే ఉంచితే ఎఫ్/2.8 దొరుకుతుంది, బొమ్మ కదలదు కాబట్టి స్తంభానికి ఆనుకుని షట్టర్ వేగం తగ్గించి తీయొచ్చు, వణుకు తగ్గించే ఏర్పాటు ఉంది. జూమ్ చేశారంటే మాత్రం వెలుతురు పడిపోతుంది.

బరువు కూడా చూసుకోండి. పీ950 కిలో ఉంటుంది. స్కూటీ డిక్కీలో టిఫిన్ బాక్స్ పక్కన పెట్టాలంటే మెత్తటి సంచి తప్పనిసరి. బరువు ఇబ్బంది అనుకుంటే కెనాన్ ఎస్ఎక్స్70 కూడా అడిగి చూడండి, 1365ఎంఎం దాకా వస్తుంది, బరువు 610 గ్రాములే.

ఎర్రనేల (ధర్మవరం)

కుందూ అన్న చెప్పిన పిట్ట లెక్క నాకు కొత్త, కాదనను. కూర్చున్న చిన్న పిట్టలే కావాలంటే మేడమ్‌కు పీ950 సరే. కానీ వార్షికోత్సవం మాటకు నేను కట్టుబడి ఉన్నాను. స్టేజీ మీద పిల్లలు డాన్స్ చేస్తుంటారు, కదులుతారు, అక్కడ నెమ్మది షట్టర్ కుదరదు. ఆ ఒక్క రాత్రికి ఎవరిదైనా డీఎస్ఎల్ఆర్ అడిగి తెచ్చుకోండి, దొరకకపోతే నాకు మెసేజ్ పెట్టండి, ధర్మవరం నుంచి నేనే వచ్చి తీసిపెడతాను. ప్రభుత్వ బడి పిల్లల కోసం కదా.

కుందూ ఒడ్డు (నంద్యాల)

మంచి మాట తమ్ముడూ.

టీచరమ్మా, కొనే ముందు ఒక్క పని చేయండి. మీ మెమరీ కార్డు తీసుకుని షాపుకు పోండి. సెల్ టవర్ నట్లు కాదు, ఎదురుగా వేపచెట్టు నీడలో ఉన్న కాకినో గోరింకనో తీయండి, రెండు కెమెరాలతోనూ. ఎండలో ఉన్న ఇనుము ఎవరు తీసినా బాగుంటుంది. నీడలో నల్లటి ఈక విడివిడిగా కనబడాలి. ఇంటికి వచ్చి కంప్యూటర్లో చూసి అప్పుడు నిర్ణయం తీసుకోండి.

పీ950 తీసుకుంటే ఐఎస్ఓ 800 దాటకుండా కట్టడి పెట్టండి. దాటితే ఈకలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. రా ఫైల్ (కెమెరా మార్పులు చేయని అసలు ఫోటో) కూడా దాచుకోండి, పాత పీ900లో ఆ సౌకర్యం లేదు. బ్యాటరీ మూడు వందల ఫోటోల లోపే ఇస్తుంది, రెండోది కొనడానికి డబ్బు ఇప్పుడే పక్కన పెట్టండి. డయల్ మీద పక్షుల మోడ్ ఉంటుంది, మొదట్లో అది చాలు. గిజిగాడి గూళ్లు తీసేటప్పుడు అడ్డం వచ్చిన కొమ్మలు విరవకండి, విరవనివ్వకండి. ఆ దూరం కాపాడుకోవడానికే కదా ఇంత జూమ్. పిల్లలను రోళ్లపాడు తీసుకొస్తే కృష్ణజింకలను చూపిస్తాను. అది అభయారణ్యం, ముందుగా అటవీ శాఖ అనుమతి తీసుకుందాం.

సింగనమల టీచర్

మీరు చెప్పినట్టే కార్డు తీసుకుని వెళ్లాను. షాపు ముందు వేపచెట్టు లేదు, కానుగచెట్టు ఉంది, దాని మీద గోరింక దొరికింది. ఇంట్లో చూస్తే 1500డీ ఫోటో మొత్తంగా అందంగా ఉంది, ఆకులు, వెనక గోడ అన్నీ. కానీ గోరింకను మాత్రమే కత్తిరించి పెద్దది చేస్తే కంటి చుట్టూ ఉన్న పసుపు చర్మం ఒక చుక్క అయిపోయింది. పీ950లో ఆ పసుపు అంచు, ముక్కు మొదలు దగ్గర చిన్న ఈకలు కూడా తెలుస్తున్నాయి. మా తమ్ముడు కూడా చూసి ఊరుకున్నాడు.

మా చెరువులో కొంగలు కూడా ఉంటాయి కానీ పిల్లలు పేరు అడిగేది ఎక్కువగా చిన్న పిట్టలకే. పీ950 తీసుకుంటున్నాను, రెండో బ్యాటరీతో కలిపి. బరువు పట్టుకుని చూశాను, పర్వాలేదు. ఎర్రనేల గారూ, వార్షికోత్సవం తేదీ ఖాయం కాగానే తప్పకుండా మెసేజ్ పెడతాను.

ఒక్క ఇబ్బంది వచ్చింది. పూర్తిగా జూమ్ చేశాక గోరింక పక్క కొమ్మకు గెంతింది. మళ్లీ అది ఎక్కడుందో వెతకలేకపోయాను, అన్నీ ఆకులే. దీనికి ఉపాయం ఏమైనా ఉందా?

కుందూ ఒడ్డు (నంద్యాల)

ఉంది. లెన్సు గొట్టానికి ఎడమ పక్కన జూమ్ మీట దగ్గర ఒక బటన్ ఉంటుంది, స్నాప్ బ్యాక్ జూమ్ అంటారు. అది నొక్కి పట్టుకుంటే జూమ్ కాస్త వెనక్కి వచ్చి చెట్టు కనబడుతుంది. పిట్టను మధ్యలోకి తెచ్చుకుని వేలు తీసేయండి, మళ్లీ మొదటి జూమ్‌కే పోతుంది. రెండు కళ్లూ తెరిచి ఉంచి, ఒక కన్ను వ్యూఫైండర్లో, ఇంకో కన్ను చెట్టు మీద పెట్టడం అలవాటు చేసుకోండి. ముందు ఇంటి మేడ మీద కాకులతో సాధన చేయండి, అవి ఓపికగా కూర్చుంటాయి.