ఐదు వారాల పిల్లల్ని పెద్ద కోళ్లలో ఎప్పుడు కలపాలి? రాత్రి గూట్లో పెడితే చాలా?

కొత్తగూడు (ఆదివారం, రాత్రి 8:10)
అందరికీ నమస్తే. మాది సంగారెడ్డి పక్కన. ఇంటి వెనక ఏడు పెట్టలు, ఒక పుంజు ఉన్నాయి. రెండేళ్లుగా అదే గుంపు. పోయిన నెలలో పన్నెండు గ్రామప్రియ రకం కోడిపిల్లలు కొన్నాను. ఇప్పుడు ఐదు వారాలు. ఈకలు బాగా వచ్చాయి, అట్టపెట్టె చాలక బయటికి దూకుతున్నాయి. ఈరోజు కాసేపు పెరట్లో వదిలితే మా ఎర్ర పెట్ట ఒకదాన్ని మెడ పట్టుకుని ఈడ్చేసింది. మా అత్తమ్మ "రాత్రి గూట్లో పెట్టెయ్, తెల్లారేసరికి కలిసిపోతాయి" అంటోంది. పెట్టొచ్చా?

గోదారిపల్లె (8:42)
మీ అత్తమ్మగారి మాట వినండి. నలభై ఏళ్లుగా మా ఇంట్లో కోళ్లు లేని రోజు లేదు. కోడికి చీకట్లో కళ్లు కనపడవు. ఎనిమిది దాటాక ఒక్కో పిల్లనీ తీసుకెళ్లి పెట్టల మధ్యలో పెట్టండి. పొద్దున లేచాక రెండు రోజులు పొడుచుకుంటాయి. ఎవరు ముందు తినాలో, ఎవరు వెనక్కి తగ్గాలో వాటికవే తేల్చుకుంటాయి. మనం మధ్యలో దూరకూడదు.

తంగేడుపువ్వు (9:15)
అన్నా, దయచేసి ఈ రాత్రి పెట్టకండి. ఐదు వారాల పిల్ల పెద్ద పెట్టలో మూడో వంతు కూడా ఉండదు. పది వారాలు దాటనివ్వండి. అప్పటిదాకా అదే పెరట్లో మధ్యన ఇనుప జాలీ కట్టి అటు పిల్లలు, ఇటు పెద్దవి ఉంచండి. ఒకదాన్నొకటి చూడాలి గానీ ముక్కు అందకూడదు. రాత్రి పెట్టే పద్ధతి పెద్ద కోడిని ఇంకో పెద్ద గుంపులో కలపడానికి పనికొస్తుంది, పిల్లలకు కాదు.

సీమజొన్న (9:20)
పెద్దాయన చెప్పిందే మేమూ చేస్తాం. ఇప్పటిదాకా ఏమీ కాలేదు.

గోదారిపల్లె (9:51)
పిల్లలకు పనికిరాదని ఎవరు చెప్పారమ్మా? చీకట్లో కోడి కదలదు. అది చిన్నదైనా పెద్దదైనా ఒకటే. పది వారాలు జాలీ అవతల పెడితే ఆ పిల్లలు వేరే గుంపైపోతాయి, తర్వాత కలిపినా కలవవు. మీరెప్పుడైనా రాత్రి పెట్టి చూశారా?

తంగేడుపువ్వు (10:37)
పెట్టాను కాబట్టే చెబుతున్నాను. పోయినేడు వానాకాలంలో ఇరవై రాజశ్రీ రకం పిల్లలు తెచ్చాను. ఆరు వారాలప్పుడు పక్కింటావిడ ఇదే సలహా ఇస్తే రాత్రి తొమ్మిదింటికి గూట్లో పెట్టాను. రాత్రంతా నిశ్శబ్దమే. ఐదింటికి అరుపులు విని లేచాను. ఒక పిల్ల దాణా డబ్బా వెనక మూలకు తల దూర్చి నిలబడింది. రెండు పెట్టలు వంతులు వేసుకున్నట్టు దాన్ని పొడుస్తున్నాయి. తల వెనక చర్మం లేచి వచ్చి ఎముక తెల్లగా కనపడింది. పారిపోవడానికి దారి లేదు, దాక్కున్నాననుకుని అది ఆ మూలలోంచి కదల్లేదు. రక్తం కనపడితే కోళ్లు వదలవు. పసుపు, వేపనూనె రాశాను, బతకలేదు. ఆ పూట మూడు పోయాయి. చీకట్లో కనపడదన్నది నిజమే బాబాయ్, కానీ తెల్లవారుతుంది కదా.

గోదారిపల్లె (10:58)
తొమ్మిదింటికి పెట్టానన్నారు. లైటు వేసి పెట్టారా, ఆర్పి పెట్టారా? లైటు వేస్తే పెట్టలు చూసేస్తాయి. అక్కడే తప్పు జరిగి ఉంటుంది.

తంగేడుపువ్వు (11:02)
సెల్‌ఫోన్ లైటు కూడా వేయలేదు.

గోదారిపల్లె (11:06)
అయితే గూడు ఇరుకై ఉంటుంది.

పశువైద్యవిద్యార్థి (సోమవారం, ఉదయం 6:30)
పొడవడం ఒక్కటే మాట్లాడుతున్నారు. ఇంకో రెండు విషయాలు. ఒకటి దాణా. పెట్టలకు వేసే లేయర్ దాణాలో కాల్షియం మూడున్నర శాతం దాకా ఉంటుంది, పెరిగే పిల్లకు ఒక శాతం చాలు. ఆ దాణానే తింటూ పోతే పిల్లల మూత్రపిండాలు దెబ్బతింటాయి. కలిపాక అందరికీ గ్రోయర్ దాణా (పెరిగే పిల్లలకు వేసేది) వేసి, పెట్టలకు ఆల్చిప్పల పొడి వేరే గిన్నెలో పెట్టాలి. అవసరమున్న పెట్టే వెళ్లి తింటుంది. రెండోది రోగం. పెద్ద కోళ్ల పేగుల్లో కాక్సిడియా అనే పరాన్నజీవి ఉన్నా పైకి ఆరోగ్యంగానే కనపడతాయి. వాటి రెట్ట పడిన తడి ఊకలో తిరిగితే పిల్లలకు రక్త విరేచనాలు పట్టుకుంటాయి. కొక్కెర తెగులుకు లసోటా టీకా చుక్కలు మొదటి వారంలో, మళ్లీ నాలుగో వారంలో వేయాలి. అదే తెగులుకు రెక్క కింద ఇచ్చే ఆర్2బి టీకా ఇంజెక్షన్ రెండు నెలలు నిండాకే. అది కాకముందే కలిపేస్తే ఎలా?

కొత్తగూడు (7:05)
లసోటా రెండుసార్లూ వేయించాను. లేయర్ దాణా గురించి నాకు తెలియదు, థాంక్స్. నిన్న రాత్రి పెట్టలేదు. టెన్షన్‌గానే ఉంది, అట్టపెట్టెలో ఇంక పట్టడం లేదు.

గోదారిపల్లె (7:48)
శాతాలు, ఇంజెక్షన్లు అంటూ కుర్రాణ్ణి భయపెడుతున్నారు. మా నాయనమ్మకు కాల్షియం అంటే తెలియదు. పెట్ట పిల్లల్ని దింపితే నాలుగు రోజులు గంప కింద పెట్టేది. తర్వాత గంప అంచు కింద ఒక రాయి పెట్టి ఎత్తేది. లోపల నూకలు చల్లేది. పిల్లలు ఆ సందులోంచి దూరి తిని వచ్చేవి, మిగతా పెట్టలకు తల కూడా పట్టేది కాదు. నెలన్నరకి అన్నీ ఒకే పెంట మీద గీరుకునేవి. పది పిల్లల్లో ఆరు నిలబడితే బాగా నిలబడ్డాయనేవాళ్లం. గద్ద తీసుకెళ్లేది గద్ద తీసుకెళ్తుంది. కోళ్ల పెంపకమంటే అదే.

తంగేడుపువ్వు (8:20)
ఆ రాయి పెట్టిన గంపే కదా నేను చెప్పే జాలీ! పిల్లలకు దారి ఉంది, పెద్దవాటికి లేదు. మీ నాయనమ్మగారు విడిగా పెట్టే కలిపారు. పైగా తల్లి వెంట ఉంది, ఏ పెట్ట దగ్గరికొచ్చినా అది మీద పడి తరిమేది. అంగట్లో కొన్న పిల్లకు తల్లేది?

ఇక ఆరు నిలబడితే చాలన్న మాట. నేను ఒక్కో పిల్లను 110 రూపాయలకు కొన్నాను, సంఘం డబ్బుతో. ఆ మూడు పోయాక వారం తిరిగేసరికి రక్తం పారి ఇంకో తొమ్మిది పోయాయి. ఇరవైలో ఎనిమిది మిగిలాయి. నెలనెలా కిస్తీ మాత్రం ఇరవై పిల్లలకూ కట్టాను. ఇంట్లో ఇప్పటికీ "నీకు కోళ్లెందుకు" అంటారు. మీకు పిల్లలు పొదిగిన గుడ్లలోంచి వస్తాయి, నాకు అప్పులోంచి వచ్చాయి. మీరు పోతే పోనీ అనగలరు. నేను అనలేను.

సీమజొన్న (8:24)
అక్క చెప్పింది న్యాయం.

గోదారిపల్లె (మధ్యాహ్నం 1:30)
అమ్మా, డబ్బు సంగతి నాకు తట్టలేదు. పోతే పోనీ అని నేను తేలిగ్గా అన్నది కాదు.

నా భయం వేరు. మా తమ్ముడి కొడుకు టౌన్లో ఉంటాడు. పద్దెనిమిది పిల్లల్ని మూడు నెలలు గదిలో, జాలీలో పువ్వుల్లా పెంచి పండక్కి మా ఇంట్లో వదిలాడు. పైన గద్ద తిరిగితే మా పెట్టలు ఒక్క కూత వేసి చెట్టు కిందికి చేరాయి. ఆ పిల్లలు తలెత్తి చూస్తూ ఎండలో నిలబడ్డాయి. సాయంత్రం గూట్లోకి రావడం తెలియక గోడ పక్కన ముద్దగా పడుకున్నాయి. రెండు రాత్రుల్లో అడవిపిల్లి ఏడింటిని చంపింది. ఏ కూతకు పరుగెత్తాలో పిల్ల పెద్దదాని దగ్గరే నేర్చుకుంటుంది. ఎక్కువ రోజులు విడిగా ఉంచితే అది పోతుంది. నేను తొందరపెట్టేది అందుకే.

తంగేడుపువ్వు (1:52)
ఈ మాట ముందే చెప్పి ఉంటే నేను అంత గట్టిగా అనేదాన్ని కాదు బాబాయ్. కానీ గదిలో ఉంచమని నేను అనలేదు. జాలీ పెరట్లోనే ఉండాలి. ఆ కూత జాలీ ఇవతలికీ వినపడుతుంది.

గోదారిపల్లె (2:10)
వినపడటం వేరు, వెంట పరుగెత్తడం వేరు. ఎనిమిది వారాలకైనా జాలీ తీసెయ్యాలి. పది ఎక్కువ.

పశువైద్యవిద్యార్థి (2:15)
ఆర్2బి వేశాక రెండు వారాలు ఆగితే మంచిది. అంటే పదే వస్తుంది.

గోదారిపల్లె (2:17)
నేను ఒప్పుకోను.

కొత్తగూడు (శనివారం, రాత్రి 7:40)
ఆరు రోజుల సంగతి చెబుతున్నా. పెరట్లో జామచెట్టు కింద జాలీ కట్టాను. కింద ఊక కొత్తది వేశాను. ఇంకో వారం పోయాక ఒక పక్క రెండు ఇటుకల మధ్య నాలుగు వేళ్ల సందు వదులుతాను, నాయనమ్మగారి రాయిలాగా. పిల్లలు బయటికొచ్చి భయపడితే లోపలికి దూరతాయి, దాణా లోపలే ఉంటుంది. తంగేడు అక్క మూల గురించి రాసింది చదివాక పెద్ద గూట్లో మూలలకు అడ్డంగా చెక్కలు కొట్టాను. దాణా డబ్బాలు మూడు చేశాను, ఒకదాని దగ్గర తరిమితే ఇంకోదానికి పోతాయని.

నిన్న మధ్యాహ్నం గద్ద వచ్చింది. పుంజు కూత వేసింది. పిల్లలు మొదట కదల్లేదు. పెట్టలన్నీ చెట్టు కిందికి పరుగెత్తడం చూశాక అటువైపు జాలీ దగ్గరికి వెళ్లి నక్కాయి.

ఎర్ర పెట్ట మాత్రం రోజంతా జాలీ చుట్టూనే తిరుగుతోంది. కలిపే వారంలో దాన్ని నాలుగు రోజులు వేరే గంప కింద పెట్టి, పిల్లలు గూటికి అలవాటయ్యాక చివర్లో వదులుదామనుకుంటున్నా. ఎనిమిదా పదా ఇంకా తేల్చుకోలేదు.