బగ్ రిపోర్ట్ పెడితే రెండు గంటల్లో మూసేశారు, నా తప్పేంటి?

రాత్రిపక్షి:
ఒక ఓపెన్ సోర్స్ వీడియో ఎడిటర్ ఏడాదిగా వాడుతున్నాను, పేరెందుకులెండి. వారం నుంచి ఎక్స్‌పోర్ట్ కొడితే ఒక్కోసారి అవుతోంది, ఒక్కోసారి ఫెయిల్ అని ఆగిపోతోంది. విసుగొచ్చి ఆ ప్రాజెక్టు పేజీలో ఇష్యూ (బగ్ రిపోర్ట్) పెట్టాను: "ఎక్స్‌పోర్ట్ పనిచేయట్లేదు, అర్జెంట్, త్వరగా సరిచేయండి." స్క్రీన్‌షాట్ కూడా జతచేశాను. రెండు గంటల్లో 'నీడ్స్ ఇన్ఫో' (ఇంకా వివరాలు కావాలి) అని లేబుల్ తగిలించి మూసేశారు. ఊరికే ఇస్తున్నారు కాబట్టి అడగకూడదా? నాకు కోడింగ్ రాదు, ఇంగ్లీషూ అంతంతే. అసలేం రాయాలో ఎవరైనా చెప్తారా?

పాతకీబోర్డు:
మూసేశారంటే తిట్టినట్టు కాదండీ. నేనూ ఒక చిన్న ప్రాజెక్టు చూసుకుంటాను, ఉద్యోగం అయ్యాక రాత్రి ఒక గంట దొరికితే గొప్ప. "పనిచేయట్లేదు" అని ఒకటి వస్తే ఆ గంట కాస్తా ఏ వెర్షన్, ఏ ఓఎస్ అని అడగడానికే సరిపోతుంది. "అర్జెంట్" తీసేయండి. మీకు అర్జెంటే, కాదనను, కానీ క్యూలో ఉన్న మిగతావాళ్లందరికీ వాళ్లది కూడా అర్జెంటే.

మీ దగ్గర వచ్చిన తప్పు నా మెషిన్ మీద నేను రప్పించుకోగలగాలి, నాకు కావాల్సింది అంతే. ఏం నొక్కారు, ఏం అవుతుందనుకున్నారు, ఏం అయింది. వెర్షన్ దగ్గర 'లేటెస్ట్' అని రాయకండి, అబౌట్‌లో ఉన్న నంబరు మొత్తం ఇవ్వండి, డిస్ట్రో (ఉబుంటు లాంటి లినక్స్ రకం) నుంచి వేసుకున్నారా లేక విడి ప్యాకేజీగా వచ్చే ఫ్లాట్‌పాకా అన్నది కూడా. టెర్మినల్ (కమాండ్లు టైప్ చేసే విండో) నుంచి ప్రోగ్రాం నడిపి, వచ్చిన ఎర్రర్‌ని ఫొటోలా కాకుండా అక్షరాలుగా కాపీ చేయండి, రేపు ఇంకొకరు వెతికితే దొరకాలిగా. "ఒక్కోసారి" అన్నారు చూడండి, కిటుకంతా అందులోనే ఉంది. అయినవాటికీ కానివాటికీ తేడా ఏంటి?

రాత్రిపక్షి:
ఉబుంటు 24.04, ఫ్లాట్‌పాక్ కాదు. టెర్మినల్‌లో చివరి లైను "ఫైల్ నేమ్ టూ లాంగ్" అని ఉంది, లాగ్ (ప్రోగ్రాం రాసుకున్న వివరాలు) మొత్తం జతచేశాను. కానీ నా ఫైలు పేరు తెలుగులో ఏడు మాటలే! అదే వీడియోని "టెస్ట్" అని సేవ్ చేస్తే చక్కగా అవుతోంది.

సగంనిద్ర:
దొరికేసింది 😀 ఉబుంటు మామూలుగా వాడే ఫైల్ సిస్టమ్ (డిస్కులో ఫైళ్లు దాచే పద్ధతి) ఎక్స్‌ట్4లో ఫైలు పేరుకి హద్దు 255 బైట్లు, 255 అక్షరాలు కాదు. యూటీఎఫ్-8లో (అక్షరాల్ని బైట్లుగా దాచే పద్ధతి) ఒక్కో తెలుగు గుర్తుకి 3 బైట్లు పడతాయి. 'క్రి' కంటికి ఒక అక్షరమే, లోపల మాత్రం క, పొల్లు, ర, గుడి, అంటే 12 బైట్లు. మీ లాగ్‌లో ఉన్న పేరు లెక్కపెట్టాను: 78 తెలుగు గుర్తులు, 6 ఖాళీలు, చివర డాట్ ఎంపీ4కి 4. మొత్తం 244, సరిపోవాలి. అయితే రెండర్ పూర్తయ్యేదాకా ప్రోగ్రాం ఆ పేరు వెనక '_రెండర్_టెంప్' అని ఇంగ్లీషులో 12 అక్షరాలు తగిలిస్తోంది. 256! ఒక్క బైటు. విండోస్ ఎన్‌టీఎఫ్ఎస్‌లో హద్దు యూటీఎఫ్-16 లెక్కలో ఉంటుంది, అందులో తెలుగు గుర్తు ఒక్కటిగానే లెక్క కాబట్టి అక్కడ ఇదే పేరు వందలోనే తేలిపోతుంది. ఇంగ్లీషు పేర్లు పెట్టుకునేవాళ్లకి ఇది దాదాపు ఎప్పటికీ కనపడదు, మీలాంటివాళ్లు చెప్తేనే తెలుస్తుంది.

పాతకీబోర్డు:
అదీ సంగతి. ఇప్పుడు కొత్త ఇష్యూ పెట్టకండి, మూసిన దాని కిందే రాయండి. టైటిల్ ఇలా మార్చండి: "లినక్స్: ఇంగ్లీషేతర ఫైలు పేరు 244 బైట్లుంటే ఎక్స్‌పోర్ట్ ఆగిపోతోంది". ముందు మీరు చూసింది రాసి, సగంనిద్ర గారు చెప్పిన టెంప్ పేరు సంగతి విడిగా "ఇది మా ఊహ" అని పెట్టండి. ఊహను నిజంలా రాస్తే, అది తప్పైనప్పుడు వాళ్ల రోజంతా దాని వెంటే పోతుంది. ఇంగ్లీషు గురించి టెన్షన్ వద్దు, చిన్న వాక్యాలు చాలు. అనువాద టూల్ వాడినా ఎర్రర్ లైను మాత్రం ముట్టుకోకండి.

మూడోకప్పు:
అందరూ ఇంత ఓపిగ్గా ఉంటారనుకోకండి సుమా. నేను మూడు గంటలు కూర్చుని అన్నీ పద్ధతిగా రాసిన రిపోర్టుని ఏడాది తర్వాత ఒక బాట్ వచ్చి 'స్టేల్' (పాతబడింది) అని మూసేసి పోయింది, ఒక్క మనిషి కూడా చూడలేదు. ఇంకోటి, లాగ్ పెట్టేముందు ఒకసారి చదువుకోండి, మీ యూజర్‌నేమ్, ఒక్కోసారి టోకెన్లు (పాస్‌వర్డ్ లాంటి రహస్య కోడ్‌లు) కూడా అందులో ఉంటాయి. సెక్యూరిటీ బగ్ అయితే అసలు బహిరంగంగా పెట్టకూడదు, ప్రాజెక్టు సెక్యూరిటీ పేజీలో చెప్పిన దారిలో ప్రైవేటుగా పంపాలి.

రాత్రిపక్షి:
పెట్టాను. గంటలో తిరిగి తెరిచి 'కన్‌ఫర్మ్‌డ్' అని లేబుల్ వేశారు, థాంక్స్ కూడా చెప్పారు! సరిచేశాక, రోజూ తయారయ్యే ట్రయల్ వెర్షన్ అయిన నైట్లీ బిల్డ్‌లో ఒకసారి చూసి చెప్పమంటున్నారు. అది వేసుకుంటే ఇప్పుడున్న వెర్షన్ పోతుందా? సగం చేసిన ప్రాజెక్టులు రెండున్నాయి.