సమోవాలో బీచ్‌కి డబ్బులు, ఆదివారం ఈత వద్దు: టూరిస్టులు ఎందుకు ఒప్పుకోవాలి?

కృష్ణలంక
పోయిన నెల భార్యాపిల్లలతో పసిఫిక్ సముద్రంలోని సమోవా దేశం వెళ్లొచ్చాం. 2009లో అక్కడ డ్రైవింగ్ ఎడమవైపుకి మార్చారు కాబట్టి కారు హాయిగానే నడిపాను. ఇబ్బందంతా కారు దిగాకే. సవాయి దీవిలో ఒక ఊరి బీచ్ దగ్గర ఆపగానే ఒకావిడ వచ్చి మనిషికి 10 తాలా (అక్కడి డబ్బు) అడిగింది. కట్టాం. ఆదివారం ఇంకో ఊళ్లో నీళ్లలో దిగబోతే ఇవాళ ఈత కొట్టకూడదన్నారు. మంగళవారం సాయంత్రం ప్రార్థన గంట మోగగానే, నడిచి వెళ్తున్న మమ్మల్ని కుర్రాళ్లు చెయ్యి అడ్డం పెట్టి ఆపేశారు. పావుగంట రోడ్డు పక్కన నిలబడ్డాం, మా చిన్నది ఒకటే ఏడుపు. సముద్రం ఎవరి సొత్తు? వాళ్ల ప్రార్థనలు మేమెందుకు పాటించాలి?

ఉప్పుగాలి
నాదీ ఇదే మాట. ఇంత దూరం డబ్బు పెట్టుకుని వెళ్లేవాళ్లకి ఉన్నవి వారం రోజులు. అందులో ఆదివారం బస్సులు దాదాపు తిరగవు, చాలా కొట్లు మూసేస్తారు. ఈత కూడా వద్దంటే ఎలా?

ఆక్లాండ్ అక్క
తమ్ముడూ, పాప ఏడ్చిందంటే నాకూ బాధగానే ఉంది. కానీ న్యాయం ఊరివాళ్ల వైపే ఉందంటాను.

సమోవాలో దాదాపు 80 శాతం భూమి ఆచారం ప్రకారం కుటుంబాల ఉమ్మడి సొత్తు. కుటుంబం తరఫున దాన్ని చూసుకునే పెద్దను మతాయి అంటారు. ఆ భూమిని అమ్మడానికి వీల్లేదని రాజ్యాంగం 102వ అధికరణలోనే ఉంది. కాబట్టి అది మన వైజాగ్ ఆర్కే బీచ్ లాంటిది కాదు. మీరు కారు ఆపింది ఒకరి వాకిట్లో. రోజూ పొద్దున్నే ఆ ఇసుక మీద కొబ్బరి మట్టలు ఏరి ఊడ్చేది ఆ ఇంటివాళ్లే.

సాయంత్రం మిమ్మల్ని ఆపింది ‘సా’ వేళ. ఆరు, ఏడు మధ్య పది ఇరవై నిమిషాలు ఇళ్లలో ప్రార్థన చేసుకుంటారు. కొన్ని ఊళ్లలో శంఖం ఊదుతారు, కొన్నిచోట్ల పాత గ్యాస్ సిలిండర్‌ని వేలాడదీసి ఇనుప కడ్డీతో కొడతారు. మా ఊరి బళ్లో రైలు పట్టా ముక్క మీద గంట కొట్టినట్టే ఉంటుంది ఆ మోత. మొదటిసారి నేనూ అలాగే రోడ్డు మీద ఆగిపోతే, ఒక పెద్దావిడ సైగ చేసి తన ఫాలేలోకి పిలిచింది. ఫాలే అంటే గోడల్లేని ఇల్లు, చుట్టూ స్తంభాలే. చెప్పులు బయట వదిలి చాప మీద కూర్చుని, అలసిపోయి కాళ్లు చాపాను. ఆవిడ ఒక్క మాట అనలేదు. పక్కనున్న లావాలావా, అంటే నడుముకి చుట్టుకునే గుడ్డ, తీసి నా పాదాల మీద కప్పింది, అంతే. ఎదుటివాళ్ల వైపు పాదాలు పెట్టడం అక్కడ అమర్యాద. పెద్దల ముందు కాళ్లు చాపకూడదని మా అమ్మమ్మ కూడా ఎన్నిసార్లో చెప్పింది.

అక్కడ కూర్చున్నాకే నాకు అర్థమైంది. గోడలు లేవు కదా, రోడ్డు మీద ఎవరు నవ్వినా, మాట్లాడినా ఆ ప్రార్థన మధ్యలో వచ్చి పడుతుంది. అందుకే ఆపుతారు.

కృష్ణలంక
అక్కా, ప్రార్థన విషయం మీరు చెప్పాక ఒప్పుకుంటున్నాను. గోడల సంగతి నాకు తట్టలేదు. కానీ అదే రాజ్యాంగంలో 104వ అధికరణ ఉంది: పోటు నీరు వచ్చే గీతకు దిగువనున్న నేల ప్రభుత్వానిది. అంటే నీళ్లు అందరివీ. పైగా ఒకచోట ఒకావిడకు కట్టాక ఇంకొకాయన వచ్చి మళ్లీ అడిగాడు. రసీదు లేదు, బోర్డు లేదు. ఇదేం పద్ధతి?

ఆక్లాండ్ అక్క
రెండోసారి అడగడం తప్పే, దాన్ని నేను సమర్థించను. మొదట ఎవరికి ఇచ్చారో చూపించి, ఇద్దరూ మాట్లాడుకోమని మర్యాదగా చెప్పండి. తేలకపోతే ఆ ఊరి మతాయి ఇల్లు ఎక్కడో అడగండి. చిల్లర తాలాలు దగ్గర పెట్టుకోండి, ఊళ్లలో కార్డు పనిచేయదు. నీళ్లు అందరివన్నది నిజమే. కానీ ఆ నీళ్ల దాకా నడిచే దారి వాళ్లది, మీరిచ్చే 10 తాలా ఆ దారికి.

ఉప్పుగాలి
సరే, మేం జులైలో వెళ్తున్నాం. మరి ఆదివారం పిల్లలతో ఏం చేయాలి?

ఆక్లాండ్ అక్క
ఈత కావాలంటే శనివారం రాత్రికే సొంత బీచ్ ఉన్న రిసార్టుకి చేరండి, వాళ్లు సాధారణంగా అభ్యంతరం పెట్టరు. నన్నడిగితే మాత్రం పొద్దున చర్చికి వెళ్లండి. మతం మారాల్సిన పనేం లేదు, వెనక బల్ల మీద కూర్చుని పాటలు వినండి, అంతమంది గొంతు కలిపి పాడితే ఎలా ఉంటుందో తెలుస్తుంది. తెల్లబట్టలు వేసుకోండి, భుజాలు, మోకాళ్లు కప్పుకోండి. ఎవరైనా మధ్యాహ్నం తోఓనాయికి, అంటే ఆదివారం విందుకి, పిలిస్తే వెళ్లండి. శాకాహారులైతే పలుసామి ఉంటుంది: చామాకులో చిక్కటి కొబ్బరి పాలు పోసి, కాల్చిన రాళ్ల మీద ఉడికిస్తారు. కొందరు అందులో డబ్బా మాంసం కలుపుతారు, ముందే అడగండి. ఇంకో ముఖ్యమైన సంగతి, ఇంటి ముందు సిమెంటు అరుగుల్లాంటివి కనిపిస్తే పిల్లల్ని వాటిమీద ఎక్కనివ్వకండి. అవి ఆ ఇంటి పెద్దల సమాధులు.